స్పష్టమే

మా ఇంట్లో ఒక సిద్ధాంతం ఉండేది. కొన్ని ఇళ్ళల్లో పిల్లి ఉన్నట్టు, కొన్ని ఇళ్ళల్లో మంచం దిగని మేనత్త ఉన్నట్టు, మా ఇంట్లో అది ఉండేది. పెళ్ళయిన కొత్తలో నా భార్య దాన్ని నిరూపించింది. మరుసటి ఏడు మా అమ్మాయి పుట్టింది. అందుకే అమ్మాయికి మాటలు వచ్చినప్పటినుంచీ ఆ సిద్ధాంతాన్ని 'అక్క' అనే పిలిచేది. వాళ్ళమ్మ తలుపు వేసుకుని కాగితాల ముందు కూర్చుంటే, బయట నిలబడి అక్కకి జ్వరమొచ్చిందా అని అడిగేది. ఒకసారి అక్క మీద పాలగ్లాసు పెట్టి తిట్లు తింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, ఆవిడ గణితం. ఒకే కాలేజీ, ఒకే వరండా, ఎదురెదురు గదులు. నేను కొలిచి చూస్తే తప్ప దేన్నీ నమ్మను. ఆవిడ కొలిచినదాన్ని దేన్నీ నమ్మదు. మీరు వెయ్యిసార్లు కొలిచారు సరే, ఆ తర్వాతిసారి సంగతేమిటి అంటుంది. ఇలాంటి ఇద్దరం ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కాపురం ఎలా చేశామో ఆవిడా నిరూపించలేదు, నేనూ కొలవలేను.

క్లాసులో ఆవిడకు రెండు గిట్టవు. మొదటిది తల ఊపడం. పాఠం మధ్యలో ఎవరైనా అర్థమైనట్టు తల ఊపితే చాక్‌పీసు అక్కడే ఆగిపోయేది. "గంగిరెద్దులా ఊపకు. అర్థమైతే నోటితో చెప్పు. చెప్పలేకపోతే అర్థం కానట్టే." ఆ పిల్లో పిల్లాడో లేచి నిలబడి నీళ్ళు నమలాల్సిందే. ఇంట్లో నా బతుకూ అంతే. కరెంటు బిల్లు సంగతి చెబుతుంటే నేను పేపర్లోంచి తల ఊపాననుకోండి, "ఊపకండి, నేనేం చెప్పానో చెప్పండి" అనేది. అప్పుడు నేను కూడా నీళ్ళు నమిలేవాణ్ణి.

రెండోది 'స్పష్టమే' అన్న మాట. నిరూపణ రాస్తూ రాస్తూ దారి తెలియని చోట పిల్లలు 'ఇది స్పష్టమే' అని రాసి గోడ దూకేస్తారు. ఆవిడ ఎర్రసిరాతో ఆ మాటను అడ్డంగా కొట్టేసేది. స్పష్టమైతే ఆ ముక్క రాయక్కర్లేదు, రాశావంటే నీకు అనుమానం ఉన్నట్టే అనేది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆ మాట వాడాలంటే అటూ ఇటూ చూసుకుంటారట.

ఈ మధ్య ఒక చిన్న ప్రచురణ సంస్థ వాళ్ళు ఆవిడ వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా వేస్తామని వచ్చారు. అక్క కూడా అందులో ఉంది. అచ్చుకు ముందు దిద్దమని ప్రూఫులు పంపారు. నిరూపణలకే ప్రూఫులా అని నేను పరాచికమాడితే ఆవిడ నవ్వి, భోజనాల బల్ల దగ్గర పడమటి కిటికీ పక్కన కూర్చుని పని మొదలుపెట్టింది. గుండ్రటి చెక్కబల్ల మాది. మధ్యాహ్నం దాటాక సగం బల్ల మీద ఎండ పడుతుంది, సగం నీడలో ఉంటుంది.

అక్క దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది. నేను కాఫీ తెచ్చినప్పుడు ఏ పేజీ మీద ఉందో, కప్పు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడూ అదే పేజీ మీద ఉంది. మర్నాడూ అదే పేజీ. అడిగితే అచ్చుతప్పులు ఎక్కువున్నాయంది. నాకు కనిపించిన మేరకు ఒక్క తప్పూ లేదు. చివరికి ఒక సాయంత్రం ఆవిడే నన్ను పిలిచి, ఒక వాక్యం కింద వేలు పెట్టింది.

'కాబట్టి ఈ రెండింటి తేడా ఎక్కడో ఒకచోట సున్నా అయి తీరుతుందన్నది స్పష్టమే.'

నాకు నవ్వాగలేదు. ఊరందరి వ్యాసాల్లో కొట్టేసిన మాట సొంత వ్యాసంలో దొరికింది. దొంగ దొరికాడు, పోలీసుల ఇంట్లోనే దొరికాడు అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఎందుకు స్పష్టమో నాకు తెలియడం లేదండీ," అంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తింది, క్లాసులో ఎత్తినట్టే.

"వినండి. రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. అరచేతిలో గీతల్లా కనబడిందప్పుడు. అందుకే ఆ మాట రాశాను, జీవితంలో ఒక్కసారి. ఇప్పుడు వారం నుంచి చూస్తున్నాను. ఏమీ కనబడటం లేదు. రెండే దారులున్నాయి. ఆ వాక్యం అప్పుడే తప్పు, అంటే సిద్ధాంతం పోయినట్టు. లేదా వాక్యం సరైనదే, అంటే నేను పోయినట్టు. మూడోది లేదు."

ఇక్కడ డాక్టరు సంగతి చెప్పాలి. ఆవిడకు మతిమరుపు పెళ్ళినాటినుంచీ ఉంది. గొడుగులు, తాళాలు, ఒకసారి నన్నే రైల్వేస్టేషన్‌లో మర్చిపోయి వచ్చిన మనిషి. అందుచేత ఈ మధ్య పొయ్యి మీద గిన్నె మాడినా, పక్కింటావిడ పేరు తట్టకపోయినా నేను పట్టించుకోలేదు. ఒకరోజు కూరగాయల మార్కెట్టు నుంచి ఇంటికి దారి తెలియక ఆవిడ కాలేజీకి వెళ్ళి కూర్చుంది. అక్కడి ప్యూను ఫోన్ చేస్తే వెళ్ళి తీసుకొచ్చాను. అప్పుడు వెళ్ళాం డాక్టరు దగ్గరికి. ఆ కుర్రడాక్టరు గడియారం బొమ్మ గీయమన్నాడు, గీసింది. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెళ్ళమంటే, దశాంశ పద్ధతిలోనేనా అని అడిగింది. ఆయన అదేం ప్రశ్నో తెలియక నా వంక చూశాడు. చివరికి మందేమీ రాయకుండా, వయసు వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు, ఇప్పుడే చెప్పలేం, కొన్నాళ్ళాగి మళ్ళీ రండి అన్నాడు. ఆ 'కావచ్చు, కాకపోనూ వచ్చు' పట్టుకుని మేమిద్దరం, ఫోన్లో అమ్మాయి, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. డాక్టరు చెప్పలేనిది ఇప్పుడీ ఒక్క వాక్యం చెప్పేస్తుంది.

అచ్చువాళ్ళకు సోమవారం కాగితాలు తిరిగివ్వాలి. నాకే తెలియనిదాన్ని నా పేరుతో వెయ్యను, సోమవారంలోగా తేలకపోతే అక్కని పుస్తకంలోంచి తీసెయ్యమని రాస్తానంది. ఎవరినైనా అడుగుదామంటే ఒప్పుకోలేదు. తన దగ్గర చదువుకున్న పిల్లల్ని తన వాక్యానికి అర్థమేమిటని ఎలా అడుగుతానంది. అమ్మాయికి చెబితే అది ఇంకోలా అంది. "అక్కనైనా పోగొట్టుకుందాం నాన్నా, అమ్మ వద్దు."

నా మనసులో మాటా అదే. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ సిద్ధాంతం తప్పైపోవాలని కోరుకున్నాను. ఆవిడ యౌవనమంతా తిన్న సిద్ధాంతం, నాలుగు దేశాలవాళ్ళు ఉత్తరాలు రాసిన సిద్ధాంతం, మా పెద్దమ్మాయి లాంటిది. అది అబద్ధమని తేలితే ఆవిడ బుర్ర నిక్షేపంగా ఉన్నట్టు. వాక్యం మీద నాకు కోపం రాలేదు, ఆశ పుట్టింది.

రెండు రోజులు ఆ కాగితాలతో నేనే కుస్తీ పట్టాను. 'ఈ రెండు' అన్నవి పేజీ పొడవునా పాకే రెండు పెద్ద రాశులు. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఎక్కడో సున్నా వస్తుందట. ఎందుకు రావాలి? ఎప్పుడూ ఒకటే పెద్దదిగా ఉండకూడదా? మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆవిడ మాటే పైచెయ్యి, ఎక్కడా సున్నా కాలేదు. నాకు చిల్లు దొరికిందనే అనుకున్నాను. కాని నేను అనుకుంటే చాలదు. తెలిసినవాళ్ళెవరైనా అనాలి.

ఆ పేజీ ఎత్తి రాసుకుని, ఆవిడకు బ్యాంకుకని చెప్పి 'కానీ' దగ్గరికి వెళ్ళాను. కానీ అంటే ఆవిడ శిష్యురాలు. చదువుకునే రోజుల్లో ప్రతి పాఠానికీ లేచి 'కానీ మేడమ్' అనేది కాబట్టి కాలేజీ అంతా ఆ పేరే పెట్టింది. ఇప్పుడు యూనివర్సిటీలో పెద్ద ఆచార్యురాలు, జుట్టు సగం నెరిసింది. గది నిండా పుస్తకాలు, కుర్చీ మీద పుస్తకాలు. వాటిని కిందపెట్టి నన్ను కూర్చోబెట్టింది. అనుమానం నాదేనని చెప్పాను. ఈ వయసులో పెళ్ళాం రాసింది చదవాలని బుద్ధి పుట్టిందని, ఒక చోట చిల్లు కనబడిందని కాస్త డాబుగానే అన్నాను.

'కానీ' ఆ వాక్యం చూసింది. నేను ఆ పిల్ల నోటివంక చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి 'కానీ' అనమ్మా, జీవితమంతా అన్నావుగా అని లోపల బతిమాలుకున్నాను.

అనలేదు. బల్ల మీదున్న స్టీలు గ్లాసు నా ముందుకు జరిపింది.

"సార్, ఈ రాశుల్ని చూసి భయపడకండి. ఈ గ్లాసు అంచు మీద ప్రతి చోటా ఎంతో కొంత వేడి ఉంది. మీ వేలు ఇక్కడ, నా వేలు సరిగ్గా దానికి ఎదురుగా. ఈ రెండో రాశి ఇంకేదో కాదు, మొదటిదే, ఎదుటి పక్కనుంచి చూస్తే. అంతే. మీవైపు వేడెక్కువ అనుకుందాం. ఇద్దరం వేళ్ళు జరుపుకుంటూ పోతే కాసేపటికి మీరు నా చోట, నేను మీ చోట ఉంటాం. అప్పుడు ఎక్కువ ఎవరిది?"

"నీది," అన్నాను.

"ముందు మీది ఎక్కువ, ఆఖరికి నాది ఎక్కువ. వేడి గెంతదు, పాకుతుంది. మరి మధ్యలో ఎక్కడో..."

ఆ పిల్ల వాక్యం పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. నాకు కనబడింది. మధ్యలో ఎక్కడో ఇద్దరి వేడీ ఒకటై తీరాలి, తేడా సున్నా అయి తీరాలి. తప్పించుకునే దారి లేదు. కొలవక్కర్లేదు కూడా. జీవితంలో మొదటిసారి ఒక సిద్ధాంతం నా చేతిలో థర్మామీటరు లేకుండా నాకు అర్థమైంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఆ వెంటనే ఆ సంతోషానికి నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఇది మేడమ్ మాకు మొదటి ఏడాది చెప్పారు సార్," అంది కానీ. "ఇలా గ్లాసుతోనే. అయినా ఆవిణ్ణే అడిగితే ఒక్క ముక్కలో..."

అక్కడ ఆగి నా మొహం చూసింది. తెలివైనవాళ్ళతో ఇదే చిక్కు, మనం దాచుకున్నది మనకంటే ముందు చదివేస్తారు. ఇంకేమీ అడగకుండా బస్టాపు దాకా వచ్చింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని వదిలింది.

బస్సులో దారి పొడవునా ఒకటే ఆలోచన. అబద్ధం చెప్పేస్తే? చిల్లుందట, కానీ కూడా ఒప్పుకుందట అంటే, ఆవిడ రాత్రికి హాయిగా నిద్రపోతుంది. నా బుర్రకేం కాలేదన్నమాట అనుకుంటుంది. కాని సోమవారం అక్కని పుస్తకంలోంచి తీసేస్తుంది. బతికున్నదాన్ని, ఏ జబ్బూ లేనిదాన్ని, నా మాట విని తన చేత్తో తీసేస్తుంది. తర్వాత కొన్నాళ్ళకు ఆవిడకు అక్కా గుర్తుండదు, నేనూ గుర్తుండను. అబద్ధం ఒక్కటే మిగులుతుంది, నా దగ్గర. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అదీ నా పరిస్థితి.

ఇంటికొచ్చేసరికి ఆవిడ బల్ల దగ్గరే ఉంది. ఎండ సగం బల్ల మీద పడుతోంది. నా చెప్పులు విడిచే తీరు చూసే కనిపెట్టింది.

"బ్యాంకులో కానీ బాగుందా?" అంది.

మతిపోయిన మనిషి అడిగే ప్రశ్నేనా ఇది? అందుకే నాకు ఆశ పూర్తిగా చావలేదు. బాగుందన్నాను. ఏమందని అడిగితే తల ఊపి ఊరుకున్నాను.

"ఊపకండి. చెప్పండి."

సరే, చెప్పక తప్పదనుకున్నాను. ఒక పిచ్చి ఊహ కూడా వచ్చింది. నేను చెబుతుంటే సగంలోనే ఆవిడ చప్పున అందుకుంటుంది, అయ్యో ఇదా అని నుదురు కొట్టుకుంటుంది, ఇద్దరం నవ్వుకుంటాం. అలా జరిగితే అక్కా నిలుస్తుంది, ఆవిడా నిలుస్తుంది. ఆవిడ లేదన్న మూడో దారి అదే.

ఆవిణ్ణి లేవమన్నాను. ఎండ పడే వైపు నిలబెట్టి, బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించమన్నాను. నేను నీడవైపు ఎదురుగా నిలబడి నా చెయ్యి ఆనించాను. ఎవరి చెయ్యి వెచ్చగా ఉందని అడిగితే తనదేనంది. ఇద్దరం బల్ల చుట్టూ ఒకే వైపుకు నడుద్దాం, చెయ్యి తియ్యకు, ఎప్పుడూ నాకు ఎదురుగానే ఉండు అన్నాను. నడిచాం. మెల్లగా, కుర్చీలు మోకాళ్ళతో పక్కకు నెట్టుకుంటూ, ముసలి గానుగెద్దుల్లా తిరిగాం. ఆవిడ నీడలోకి వచ్చింది, నేను ఎండలోకి వచ్చాను.

"ఇప్పుడెవరిది వెచ్చన?" అన్నాను.

"మీది."

"మొదట్లో నీది ఎక్కువ, ఇప్పుడు నాది ఎక్కువ. వేడి గెంతదు కదా. మరి మధ్యలో ఎక్కడో ఒకచోట?"

ఆవిడ అందుకోలేదు. నేను ఆగాను. మా కాలేజీలో నేనెప్పుడూ అంతసేపు ఆగలేదు, ఎవరికోసమూ. ఆవిడ బల్లను చూసింది, తన అరచేతిని చూసుకుంది, నన్ను చూసింది. ఇక ఆగలేక నేనే చెప్పేశాను. మధ్యలో ఎక్కడో మనిద్దరి చేతుల కిందా వేడి ఒకటే అయి ఉండాలి, అక్కడ తేడా సున్నా, నీ వాక్యం అదే, నీ రెండు రాశులూ ఈ రెండు చేతులే అన్నాను. అర్థమైందా అని అడిగాను.

ఆవిడ మెల్లగా తల ఊపింది.

ఆ ఊపు నాకు తెలుసు. వరండాకు ఇవతల నా గదిలోంచి ఎన్నో ఏళ్ళు చూసిన ఊపది. చివరి వరసలో కూర్చున్న పిల్లలు, మేష్టారు నొచ్చుకోకూడదని, పాఠం తొందరగా ముందుకు పోవాలని ఊపే ఊపు. చెప్పు అనాలి నేను. ఆవిడైతే అనేది.

"ఇప్పుడు నేను తల ఊపాను కదూ?" అంది ఆవిడే.

నేను కూడా తలే ఊపాను.

ఆవిడ కూర్చుంది. కాసేపు ఎండలో దుమ్ము ఆడుతుంటే దానివంక చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. ఎర్రకలం తీసుకుంది. అక్కని కొట్టేస్తుందేమోనని ముందుకు వంగాను. వాక్యాన్ని వదిలేసి, చివర ఉన్న 'స్పష్టమే' అన్న ఒక్క మాటను అడ్డంగా కొట్టేసింది, వేల కాగితాల మీద కొట్టేసినట్టే.

"మీరు ఇప్పుడు చెప్పిందంతా ఇక్కడ రాయండి," అంది. "బల్ల, ఎండ, అన్నీ. నాలాంటివాళ్ళు కూడా చదువుతారు."

తర్వాత అమ్మాయికి తనే ఫోన్ చేసింది. అక్కకేం కాలేదే, నిక్షేపంలా ఉంది, నాన్నగారు చూసొచ్చారు అని చెప్పింది. "ఏడుస్తావెందుకే, అక్క బాగుందని చెబుతుంటే," అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. అమ్మాయి రేపు పొద్దున్నే బయలుదేరుతానంది. సరేనన్నాను.

కాగితం తీసుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ వ్యాసంలో నేను రాసిన మొట్టమొదటి మాటలవి. 'ఒక గుండ్రటి బల్లకు ఎదురెదురుగా ఇద్దరు నిలబడ్డారనుకుందాం.' అక్కడినుంచి నడక, చేతులు, గెంతని వేడి, అన్నీ వరసగా రాశాను. ఆవిడ నా భుజం మీదుగా చదివి ఒక చోట కామా దిద్దింది. మొదటి వాక్యం మళ్ళీ చదివింది. కింద వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

"ఏమండీ," అంది. "ఇంకోసారి నడుద్దామా?"

అప్పటికి ఎండ కిటికీ దాటి పోయింది. బల్ల మీద ఏ వైపు చెయ్యి పెట్టినా ఒకటే చల్లదనం, ఎక్కువా లేదు, తక్కువా లేదు. దాంతో ఇప్పుడేదీ చూపించలేనని నాకు తెలుసు. అయినా లేచి, వెళ్ళి ఎదురుగా నిలబడి, అంచు మీద చెయ్యి పెట్టాను. ఆవిడ కూడా పెట్టింది. నడిచాం.